లెక్కలోంచి తీసేసిన చెరువు

ఎకరాకు 60,000 చదరపు అడుగులు. హైదరాబాద్‌లో గ్రీన్ బిల్డింగ్ ఫైళ్లు తయారుచేసే నాలాంటివాళ్లం చాలా ఏళ్లు ఈ అంకె చుట్టూనే తిరిగాం. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వాళ్ల లీడ్ సర్టిఫికెట్‌లో డెవలప్‌మెంట్ డెన్సిటీ అని ఒక పాయింటు ఉండేది. అది రావాలంటే సైటు లోపలా, చుట్టుపక్కలా ఎకరానికి కనీసం ఇంత కట్టడం ఉండాలి. అమెరికా ఊళ్ల నడిబొడ్డున మామూలుగా కనిపించే రెండంతస్తుల బజారును మనసులో పెట్టుకుని ఈ అంకె వేశారు. ఎకరం 43,560 చదరపు అడుగులు కదా, అందులో 69 శాతం స్థలంలో కట్టి పైన ఇంకో అంతస్తు వేస్తే దాదాపు అంతకే వస్తుంది. మన పాతబస్తీ ఘాన్సీ బజార్ సందులు ఏ సర్టిఫికెటూ అడక్కుండానే ఎప్పుడో దాటేసిన హద్దు అది.

పాయింటు వెనకున్న ఉద్దేశం మంచిదే. ఊరవతల పొలాల్లోకి పోయి కట్టకు, రోడ్డూ నల్లా డ్రైనేజీ ఉన్నచోటే కట్టు అని. 2005లో వచ్చిన 2.2 వెర్షన్‌లో దీనికి ఇంకో దారి కూడా ఇచ్చారు. అరమైలు లోపల ఇళ్లు గుంపుగా ఉండి, బ్యాంకు, బడి, కిరాణా లాంటి అవసరాలు పది నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే అదీ చెల్లుతుందన్నారు. హైదరాబాద్‌లో చాలామంది ఆ తేలికదారే పట్టారు. చెరువు పక్క సైట్లకు మాత్రం ఆ దారి తరచుగా మూసుకుపోయేది. చుట్టూ ఒక పక్కంతా నీళ్లుంటే పది దుకాణాలు ఎక్కడ దొరుకుతాయి? అందుకని వాళ్లు మొదటి దారికే, డెన్సిటీ లెక్కకే వచ్చేవాళ్లు.

లెక్క చూడ్డానికి చిన్నదే. సైటు విస్తీర్ణాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని వర్గమూలం కట్టి మూడుతో గుణిస్తే వ్యాసార్థం వస్తుంది. సైటు నడుమ నుంచి ఆ వ్యాసార్థంతో వృత్తం గీయాలి. సైటు ఎంతదైనా సరే, వృత్తం దానికి 28 రెట్లుంటుంది. అందులో ఉన్న ప్రతి ప్లాటుకూ స్థలమెంత, కట్టిందెంత అని పట్టిక రాయాలి. గీత తగిలిన ప్లాటును కూడా కోయకుండా మొత్తం రాయాలి. కట్టిన అడుగులన్నీ కూడి ఎకరాలతో భాగించాలి. ఆ ఎకరాల్లోంచి రోడ్లు తీసేయొచ్చు. కట్టడాల్లేని పార్కుల్లాంటి పబ్లిక్ స్థలాలు, నీటి వనరులు తీసేయొచ్చు. నా గొడవంతా ఈ చివరి మాటతోనే.

పని ఎలా జరిగేదో ఒకసారి చెప్పాలి. గూగుల్ ఎర్త్ బొమ్మను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, వృత్తం గీసి, ప్లాట్లకు నంబర్లు వేసుకుని మాదాపూర్ గల్లీల్లో నడిచేవాళ్లం. ఉపగ్రహానికి పైకప్పు కనిపిస్తుంది గానీ అంతస్తులు కనిపించవు. కాబట్టి ప్రతి ఇంటి ముందూ ఆగి తలెత్తి లెక్కపెట్టాలి. సెల్లారు పార్కింగును కలిపేవాళ్లం కాదు. పెంట్‌హౌస్ కలపాలా వద్దా అని ఆఫీసులో పెద్ద వాదన. చేతిలో కాగితం, మెడలో ఐడీ కార్డు చూసి వాచ్‌మన్ గేటు సగం మూసేవాడు. "మున్సిపాల్టీ ట్యాక్సోళ్లా?" అని మొదటి ప్రశ్న. కాదంటే రెండో ప్రశ్న "మరి కరెంటోళ్లా?" గ్రీన్ బిల్డింగ్ అని చెబితే, "పచ్చరంగు ఏస్తరా అమ్మా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. ఆ పెద్దాయన పుణ్యమా అని పక్క మూడు బిల్డింగుల అంతస్తులు కూర్చున్నచోటే తెలిశాయి. ఏ ఫ్లాటు ఖాళీగా ఉందో, అద్దె ఎంతో కూడా చెప్పాడు.

ఈ ముచ్చటంతా మొదలైంది మన ఊళ్లోనే అని చాలామందికి గుర్తుండదు. కొత్తగూడ దగ్గర, బొటానికల్ గార్డెన్ పక్కన, సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట లీడ్ ప్లాటినం తెచ్చుకున్న మొట్టమొదటి భవనం అదే. 2003లో రేటింగ్ వచ్చింది, 69 పాయింట్లకు 56. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. గుండ్రటి ముంగిలి, మట్టి రంగు, మధ్యలో చెట్లు, గాలిని చల్లబరిచే రెండు టవర్లు. చూడముచ్చటైన కట్టడం, ఇప్పటికీ విద్యార్థులు బస్సుల్లో వచ్చి చూస్తారు. నాలాంటి అంకెల మనిషికి మాత్రం అక్కడ ఇంకోటి కనిపిస్తుంది. ఐదెకరాల లోపు స్థలంలో సుమారు 20,000 చదరపు అడుగుల భవనం. ఎకరాకు 4,000 చిల్లర. డెన్సిటీ పాయింటు అడిగేదాంట్లో పదిహేనో వంతుకు కాస్త అటూ ఇటూ. అప్పటికి సైబర్ టవర్స్ తెరిచి ఐదారేళ్లే, చుట్టుపక్కల రాళ్లూ పొదలూ చాలానే మిగిలి ఉన్నాయి. దేశానికి గ్రీన్ బిల్డింగ్ అంటే ఏమిటో చూపించిన భవనం ఒకటుంటే, పల్చగా కట్టడం తప్పని చెప్పే రూలు ఇంకోటి. రెండూ ఒకే పుస్తకంలో కాపురం చేశాయి. నాకు ఇందులో కపటం కనిపించదు. 69 పాయింట్ల పుస్తకంలో ఇది ఒక్క పాయింటే.

ఇక నీళ్లు.

మా నాయిన సర్వే అండ్ ల్యాండ్ రికార్డ్స్‌లో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉమ్మడి మెదక్ జిల్లా అంతా గొలుసు లాగినవాడు. ఆ గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని పదహారు అణాలుగా విభజిస్తారు. గొలుసుకు గొలుసు నలుచదరం వేస్తే గుంట, నలభై గుంటలు ఎకరం. నేను ఇంట్లో కూర్చుని వృత్తం లోపలి చెరువుకు కంప్యూటర్ మీద గీత గీస్తుంటే వెనక నిలబడి చూశాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"చెరువు ఎంతుందో గీసి లెక్కలకెల్లి తీసేస్తున్న నాయినా. అమెరికావాళ్ల రూలు."

"ఏ నెలల నీళ్లు గీస్తున్నవ్? కార్తీకంల ఒక తీరు ఉంటది, చైత్రంల ఒక తీరు ఉంటది. అండ్ల ఏది చెరువని రాస్తవ్?"

పుస్తకం రాసినవాళ్లకు ఈ ప్రశ్న తట్టి ఉండదు. వాళ్ల కళ్లముందున్నవి సముద్రాలు, సరస్సులు, ఏడాది పొడుగునా పారే నదులు. సైటు ఎంపిక గురించి చెప్పేచోట కూడా, ఇంతకుముందు కట్టడం లేని నేల నీటి వనరుకు 50 అడుగుల లోపుంటే ముట్టుకోవద్దన్నారు. ఆ 50 అడుగులు ఎక్కడినుంచి కొలవాలో వాళ్ల దేశంలో పెద్దగా తగువు రాదు కాబోలు. దక్కన్ చెరువు సంగతి వేరు. అది వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి ఆపిన వాననీళ్లు. కట్ట వైపు లోతు, ఎగువ వైపు పల్చగా పళ్లెంలా పరుచుకుంటుంది. అడుగు మట్టం తగ్గితే ఎగువన ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. జూన్‌లో ఎద్దులు మేసిన నేల మీద సెప్టెంబరులో వలలు వేస్తారు.

మరి దీనికి హద్దు లేదా అంటే ఉంది, కాకపోతే అది నీళ్ల దగ్గర కాక కట్ట చివర ఉంటుంది. అలుగు అని, మా వైపు మత్తడి అని అంటాం. చెరువు నిండితే మిగులు నీళ్లు ఆ రాతిగోడ మీదినుంచి దొర్లి కింది చెరువుకు పోతాయి. ఆ గోడ పైమట్టమే చెరువు పూర్తి నీటిమట్టం, ఇప్పుడు పేపర్లలో రోజూ కనిపించే ఎఫ్‌టీఎల్. సర్వేవాళ్లు లెవెల్ మిషన్‌ను అలుగు మీద పెట్టి, అదే ఎత్తు ఎక్కడెక్కడ తగులుతుందో చెరువు చుట్టూ తిరిగి రాళ్లు పాతుకుంటూ వస్తారు. ఆ రాళ్లను కలిపిన గీతే చెరువు. అందులో నీళ్లున్నాయా, ఎండిందా, ఎవరైనా జొన్న వేశారా అన్నది దానికి అనవసరం. అలుగును రాత్రికి రాత్రి అరగజం కొట్టేస్తే మాత్రం గీత కూడా లోపలికి జరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని కుంటలు చిక్కిపోయిన తీరు ఇదే. మట్టి పోసి పూడ్చడం అందరికీ కనబడుతుంది. అలుగు రాళ్లు నాలుగు ఊడదీయడం ఎవరికీ కనబడదు.

గీత లోపలి నేలకు నిజాం కాలం నుంచీ వేరే లెక్క ఉంది. 1317 ఫస్లీలో, అంటే 1907లో, వచ్చిన భూమి శిస్తు చట్టం నాటి రికార్డుల నుంచి చూసినా చెరువుకు సొంత సర్వే నంబరు ఉండేది, ముంపు నేలను శిఖం అని రాసేవాళ్లు. శిఖంలో సర్కారుది ఉంది, పట్టాది ఉంది. పట్టా శిఖం ఉన్న రైతు నీళ్లు వెనక్కి పోయాక పంట వేసుకోవచ్చు. నిండితే ఊరుకోవాలి. చెరువుదీ రైతుదీ ఒకే నేల, వంతులవారీగా. పహాణీలో ఆ సంవత్సరం ఏం పండిందో రాసేవాళ్లు. ఏమీ పండకపోతే నీళ్లున్నట్టు. చాలా తెలివైన ఏర్పాటని నా అభిప్రాయం. అపార్ట్‌మెంటుకు వంతులవారీగా ఉండటం చేతగాదు గనుక ఆ ఏర్పాటు బతకలేదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఏ ఒక్క సైటు పేరూ చెప్పను, అంకెలు కూడా ఊహించి వేసినవే. నాలుగెకరాల సైటు, చెరువు పక్కన. వ్యాసార్థం 1,252 అడుగులు, అంటే 382 మీటర్లు. వృత్తం 113 ఎకరాలు. రోడ్లు, పార్కులు 18 ఎకరాలు తీసేస్తే 95. లోపల కట్టిందంతా కలిపి 34 లక్షల చదరపు అడుగులు అనుకుందాం. గీత కోసిన ప్లాట్ల చిక్కు పక్కన పెడదాం. చెరువును అసలు తీయకపోతే ఎకరాకు 35,789. మే నెల ఉపగ్రహ చిత్రంలో కనిపించే 28 ఎకరాల నీళ్లు తీస్తే 50,746. ఎఫ్‌టీఎల్ గీత ప్రకారం 40 ఎకరాలు తీస్తే 61,818. ఇటుక ఒక్కటి కూడా కదలలేదు, పాయింటు మాత్రం మూడోసారికి వచ్చేసింది. తేడా అంతా ఆ పన్నెండు ఎకరాల ఎండిన శిఖంలో ఉంది.

అందుకని మా ఆఫీసులో ఎప్పుడూ చెరువు నిండుగా ఉండేది. మాకు చెరువు ఎంత పెద్దదైతే అంత మంచిది, భాగించే ఎకరాలు తగ్గుతాయి. అదే క్లయింటు ఆఫీసులో ప్లాన్ పర్మిషన్ ఫైలు చూసే టేబుల్ దగ్గర ఇదే చెరువు చిక్కి ఉండేది. అక్కడ ఎండిన పన్నెండు ఎకరాలు చెరువు కాదు, పట్టా భూమి. ఒకే సైటుకు రెండు ఫైళ్లు, రెండు ఫైళ్లలో రెండు చెరువులు, రెండింటి మీదా ఒకే మేనేజింగ్ డైరెక్టర్ సంతకం. మేం పంపిన బొమ్మను అమెరికాలో సమీక్షించేవాళ్లకు రెండో ఫైలు సంగతి తెలిసే దారి లేదు. మున్సిపాలిటీవాళ్లకు మా ఫైలుతో పనే లేదు. అబద్ధం ఎవరు ఆడారో చెప్పమంటే నాకు కష్టమే. రెండు బొమ్మలకూ ఆధారాలున్నాయి, ఒకటి నవంబరుది, ఒకటి మేది.

ఇంకో విచిత్రం ఉంది. నీళ్లుంటే లెక్కలోంచి తీసేస్తాం, నీళ్లు పోయి పార్కయినా తీసేస్తాం. మాసాహెబా తవ్వించిన చెరువు పేరు మాసబ్ ట్యాంక్‌గా మిగిలి, నీళ్ల చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. డెన్సిటీ లెక్కకు ఆ చెరువు ఉన్నా లేకపోయినా ఒక్కటే. అదే చెరువు పూడి ఐదంతస్తుల కాలనీ అయిందనుకోండి, అప్పుడు లవమూ హారమూ రెండూ పెరిగి, ఇరుకు కాలనీ గనుక సగటు పైకి లేస్తుంది. పక్క సైటుకు పాయింటు వస్తుంది. పుస్తకానికి నిన్నటి సంగతి తెలియదు. ఆ నేల ఒకప్పుడు ఏమిటని అడిగే గడి ఆ పట్టికలో లేదు.

నీళ్ల పక్కన ఎంత కట్టాలన్న లెక్క ఈ ఊరికి అమెరికా నుంచి రాలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నుంచి వచ్చింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి లాంటి ఒడ్డు బస్తీలు కొట్టుకుపోయి పదిహేను వేల మంది దాకా చనిపోయారని చెబుతారు. మరుసటి ఏడు ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నదిని చూసి ఊరుకోకుండా ఎగువకు వెళ్లి చెరువులు లెక్కపెట్టాడు. మూసీ, ఈసీ పరివాహకంలో 788 చెరువులు, దాదాపు చదరపు మైలుకు ఒకటి. ఆ వానకు 221 తెగాయి. ఒకటి తెగితే ఆ నీళ్లు కిందిదాన్ని తెంచాయి. గొలుసుకట్టు అంటే అదే మరి, మంచికీ చెడ్డకీ. ఆయన సూచనతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ రోజుల్లోనే లియోనార్డ్ మన్ చేసిన నగర సర్వే పటాల్లో ఇళ్లూ బావులూ గల్లీలూ విడివిడిగా కనిపిస్తాయి. పాతబస్తీ సైటు వస్తే నేను ముందు ఆ పటం తీసి చూస్తాను. అప్పట్లో గల్లీగల్లీ తిరిగి కొలిచినవాళ్లను వాచ్‌మన్లు ఏమడిగారో!

ఆ రెండు సాగర్లకూ నా తంటా లేదు. ఇంజినీర్లు గీత గీసి కట్టినవి కాబట్టి మట్టం అంకెలో ఉంది. ఉస్మాన్‌సాగర్ 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1,763.5 అడుగులు. జూలై వచ్చిందంటే పేపర్లు ఈ అంకెలే అచ్చువేస్తాయి. వాటిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ ఎఫ్‌టీఎల్ నుంచి 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. కొత్త లేఅవుట్లలో రోడ్లూ ఖాళీ స్థలాలూ కలిపి 60 శాతం వదలాలన్నారు. కట్టే చోట కూడా ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ 0.5 దాటకూడదన్నారు. శంషాబాద్ దగ్గర ఒక ఆముదం ఫ్యాక్టరీకి మినహాయింపు ఇవ్వబోతే, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని తేలింది.

0.5ను మా భాషలోకి మారిస్తే ఎకరాకు 21,780 చదరపు అడుగులు. డెన్సిటీ పాయింటు అడిగేదాంట్లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంటే జీవో 111 పరిధిలోని ఊళ్లలో ప్రతివాడూ అనుమతించినంతా కట్టేసినా మా వృత్తం పాస్ కాదు. అమెరికా పుస్తకం, సచివాలయం జీవో ఒకరినొకరు చూడకుండానే ఇక్కడ కట్టొద్దనే చెప్పాయి. ఒకటి ఇక్కడ పల్చగా ఉంది గనుక వద్దంది, ఇంకోటి ఇక్కడ పల్చగానే ఉండాలంది.

నగరం లోపల జరిగింది దీనికి తలకిందులు. 2006 మార్చిలో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్ చూసి ఎత్తు ఇస్తారు. స్థలానికి ఎన్ని రెట్లు కట్టావని అడగరు. ముంబై, బెంగళూరు ఆర్కిటెక్టులు ఇప్పటికీ ఈ సంగతి వింటే నోరెళ్లబెడతారు. ఊరు డెన్సిటీని కొలవడం మానేసిన కాలంలోనే మేం సర్టిఫికెట్ కోసం వీధివీధి తిరిగి కొలవడం మొదలుపెట్టాం. ఆ పట్టికలు ఎక్కడైనా భద్రంగా ఉంటే, ఆ ఏళ్లలో మాదాపూర్ ఎంత వేగంగా పెరిగిందో వాటిలో దొరుకుతుంది. చాలా ఆఫీసుల్లో కంప్యూటర్లు మార్చినప్పుడు పోయాయి. నావి కొన్ని ఉన్నాయి.

2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 నీళ్ల పక్కన వదలాల్సిన నేలను మీటర్లలో చెప్పింది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. మరుసటి ఏడు, 2013లో, లీడ్ నాలుగో వెర్షన్ వచ్చి మా లెక్కను మార్చేసింది. వర్గమూలం పోయి, సైటు చుట్టూ 400 మీటర్లు అన్నారు. 60,000 పోయి, ఇళ్లూ ఆఫీసులూ కలిపి లెక్కేస్తే ఎకరాకు 22,000 దగ్గర మొదటి మెట్టు, 35,000 దగ్గర రెండోది పెట్టారు. నా దృష్టిలో అసలు మార్పు హారంలో జరిగింది. కట్టదగిన నేలనే లెక్కించమన్నారు, రోడ్లనూ చట్టం కట్టొద్దన్న నేలనూ తీసేయమన్నారు. దాంతో ఏ నెల నీళ్లన్న ప్రశ్న వదిలిపోయింది. ఎఫ్‌టీఎల్ గీత లోపలిదీ, దాని చుట్టూ 30 మీటర్ల పట్టీ కూడా పోతాయి. సైటు ఎంపికలో నీటి దగ్గర వదలమన్న దూరం కూడా 50 అడుగుల నుంచి 100 అడుగులకు, అంటే మన 30 మీటర్లకే వచ్చింది. ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదిది, అయినా నా పని సగం తగ్గింది.

ఈ సంగతి నాయినకు చెబితే, "గంతే గదా, నక్ష జూసి రాయమన్నరు" అన్నాడు. అంతే. కాకపోతే నక్ష కావాలి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్‌ఎండీఏ, చెరువులకు ఒక్కొక్కటిగా ఎఫ్‌టీఎల్ పటాలు వేసి, ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ ఇస్తుంది. ప్రాథమికం దగ్గర ఆగిపోయిన చెరువు పక్కన సైటు వచ్చిందంటే పాత కథ మళ్లీ మొదలు. అప్పుడు 1970ల నాటి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, గ్రామ నక్ష, పహాణీ ముందేసుకుని కూర్చుంటాం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా పెట్టాక మాత్రం క్లయింట్లే ఎఫ్‌టీఎల్ పటం కలర్ జిరాక్స్ తీయించి మొదటి మీటింగుకు తెస్తున్నారు. ఇంతకుముందు అడిగినా ఇచ్చేవాళ్లు కాదు.

జీవో 111 కథ 2022 ఏప్రిల్ 12న మలుపు తిరిగింది. ఆ రోజు వచ్చిన జీవో 69, జంట జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతుతో ఆ 84 ఊళ్ల ఆంక్షలను సడలించి, విధివిధానాలు తేల్చడానికి ప్రధాన కార్యదర్శి ఆధ్వర్యంలో కమిటీ వేసింది. లక్షా ముప్పై రెండు వేల ఎకరాల వ్యవహారం. అప్పటికి ఉస్మాన్‌సాగర్ తాగునీటి అవసరం తగ్గిపోయిందన్నారు, నిజమే కావచ్చు. ఆ రెండూ ముందు వరదను ఆపడానికి కట్టినవన్న మాట ఆ చర్చల్లో తక్కువగా వినిపించింది. 2020 అక్టోబరు వానలకు ఊరు మునిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

జీవో వచ్చిన కొన్నాళ్లకు ఉస్మాన్‌సాగర్ పక్కన గండిపేట వైపు భూమి ఉన్నాయన ఒకరు మా దగ్గరికి వచ్చారు. ఆఫీసు క్యాంపస్, ప్లాటినం కావాలి, డెన్సిటీ పాయింట్లు కూడా పడాలి. 400 మీటర్లు గీసి చూపించాను. లోపల మామిడి తోటలు, రెండు ఫామ్‌హౌస్‌లు, ఒక ఫంక్షన్ హాలు. అందరూ 0.5 దాకా కట్టి ఉన్నా వచ్చేది 21,780, మొదటి మెట్టుకు 220 అడుగులు తక్కువ. ఉన్నదానికి వెయ్యి కూడా రాదు. ఈ పాయింటు స్వభావమే అంత, తోట కొట్టి మొదట కట్టినవాడికి సున్నా ఇస్తుంది, చుట్టూ నిండాక పదోవాడు వచ్చి కడితే పూర్తి మార్కులిస్తుంది.

"అంటే మా పక్కోళ్లు కట్టేదాకా ఆగాలా మేడమ్?" అన్నారాయన.

పక్క భూమి వాళ్లు అంతకు ముందు నెలే వచ్చి అదే అడిగి వెళ్లారని చెప్పాను. ఆయన నవ్వలేదు. స్కోరుకార్డులో ఆ వరుస ఎదురుగా 'నో' గడిలో టిక్ పెట్టి, వాననీటి పాయింటు దగ్గరికి వెళ్లాం.